42 అంతస్తుల గాజు గోడ: ఆ పదకొండు నెలలు ఎక్కడికి పోయాయి?

మా పనికి ఉన్న పెద్ద కష్టం అది అందరికీ కనిపించడమే. పునాది ఆరు నెలలు ఆలస్యమైనా ఎవరికీ తెలియదు, అది భూమిలో ఉంటుంది. పైపుల పని సగంలో ఆగిపోతే గోడ వెనక దాక్కుంటుంది. గాజు అలా కాదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద కారులో పోయేవాడి కంటికి కూడా ఆనుతుంది. "ఇంకా సగమే అయిందే!" అని ఒక మాట అనేసి వెళ్లిపోతాడు. ఆ మాట చిలవలు పలవలు తొడుక్కుని సోమవారం ఉదయం సమావేశానికి వచ్చి మా నెత్తిన పడుతుంది.

నేను భవనాలకు గాజు తొడుగు బిగించే సంస్థలో సైటు ఇంజనీరును. బయటివాళ్లు అద్దాల పని అంటారు, మేము ఫసాడ్ అంటాం. 2021 నవంబరులో కోకాపేట వైపు కడుతున్న ఒక 42 అంతస్తుల ఖరీదైన నివాస భవనం పని మాకు దక్కింది. పద్నాలుగు నెలల్లో పూర్తి చేస్తామని సంతకం పెట్టాం. ఇరవై అయిదు నెలలు పట్టింది.

ముందు ఆ గోడ ఎలా నిలబడుతుందో చెప్పాలి. నిజానికి అది నిలబడదు, వేలాడుతుంది. ప్రతి స్లాబు అంచునా అల్యూమినియం బ్రాకెట్లు బిగిస్తాం. చట్రం, గాజు, రబ్బరు గ్యాస్కెట్లు అన్నీ కర్మాగారంలోనే కలిపి ప్యానెల్‌గా చేసి లారీలో పంపుతారు. దాన్ని పై అంతస్తు నుంచి చిన్న క్రేనుతో దించి, కొక్కేనికి చొక్కా తగిలించినట్టు బ్రాకెట్లకు తగిలిస్తాం. మా ప్యానెల్ మీటరున్నర వెడల్పు, ఒక అంతస్తు ఎత్తు, బరువు రెండు క్వింటాళ్ల పైమాట. అంతస్తుకు 72. ప్రతి ప్యానెల్ అంచూ పక్కదాని అంచులోకి, అడుగు భాగం కింది దాని తలలోకి దూరి కూర్చుంటుంది. రోజుకు పది చొప్పున తగిలిస్తే ఏడాదిలో పని అయిపోవాలి. కాగితం మీద ఆ లెక్కలో తప్పేమీ లేదు.

తప్పు కాంక్రీటులో ఉంది. మేము అడుగుపెట్టేనాటికి 19 స్లాబులు పోశారు. దూరాలూ కోణాలూ కొలిచే టోటల్ స్టేషన్ యంత్రం పెట్టి ఒక్కొక్క అంతస్తు అంచునూ కొలుచుకుంటూ పోయాం. మా బ్రాకెట్‌లో ముందుకూ వెనక్కూ 25 మిల్లీమీటర్ల సర్దుబాటు ఉంటుంది. స్లాబు అంచు నక్షాలో గీసిన గీతకు అంగుళం అటూ ఇటూ అయినా నెట్టుకొస్తాం. ఏడో అంతస్తులో పడమటి అంచు 60 మిల్లీమీటర్లు బయటకు పొడుచుకొచ్చి ఉంది. పదకొండో అంతస్తులో అదే అంచు 45 లోపలికి పోయింది. కాంక్రీటు పోసిన రోజు అంచు పలకలు బరువుకు ఉబ్బాయి. ఆ తర్వాత ఎవరూ కొలిచి చూడలేదు. సివిల్ మేస్త్రీని అడిగితే "అంచే కదా సార్, మీ అద్దం వచ్చి కప్పేస్తుంది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, అందులో కపటం లేదు. ఈ వాక్యాన్ని నేను ఇప్పటికి నాలుగు సైట్లలో విన్నాను.

పొడుచుకొచ్చినచోట చెక్కేస్తే పోతుంది కదా అనిపించవచ్చు. మామూలు స్లాబు అయితే చెక్కేవాళ్లమే. ఇది పోస్ట్ టెన్షన్ స్లాబు. లోపల ఉక్కు తీగలను టన్నుల బలంతో లాగి, అంచు దగ్గరే బిగించి వదిలేస్తారు. మాకు కావలసిన అంచూ, ఆ తీగలు ప్రాణం పెట్టుకున్న అంచూ ఒకటే. అక్కడ సుత్తి వేయాలన్నా, డ్రిల్లు పెట్టాలన్నా ముందు రాడార్ యంత్రంతో తీగ ఎక్కడుందో చూసుకోవాలి, గుర్తు పెట్టాలి, స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం తెచ్చుకోవాలి. దానికి తోడు, బ్రాకెట్ల కోసం కాంక్రీటులోనే ముందుగా పెట్టి ఉంచాల్సిన ఉక్కు చానెళ్లు కొన్నిచోట్ల అసలు లేవు. ఒక అంతస్తులో ఉన్నాయి కానీ కాంక్రీటు కింద మునిగిపోయి ఉన్నాయి. వాటిని వెతకడానికి ఇద్దరు కుర్రాళ్లు వారం రోజులు సుత్తితో తట్టుకుంటూ తిరిగారు.

లోపలికి పోయిన చోట పొడవు బ్రాకెట్లు కావాలి. బ్రాకెట్ పొడవు పెరిగితే దాని మీద పడే వంపు కూడా పెరుగుతుంది, కాబట్టి గాలి లెక్కలు మళ్లీ మొదటి నుంచి చేయాలి. భవనాల మీద గాలి భారం లెక్కకు వాడే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం హైదరాబాదుకు తీసుకోవలసిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు. గంటకు 158 కిలోమీటర్లకు పైగా అన్నమాట. ఎత్తు పెరిగేకొద్దీ ఆ లెక్క పెరుగుతుంది. పైగా భవనం మూలల దగ్గర గాలి గాజును లోపలికి నెట్టడం కన్నా బయటకు పీకడమే ఎక్కువ. కొత్త బ్రాకెట్ల లెక్కలు ఆమోదం పొందేసరికి అయిదు వారాలు. అవి తయారై వచ్చేసరికి ఇంకో ఆరు. ఒక్క ప్యానెల్ కూడా ఎక్కకముందే రెండున్నర నెలలు కరిగిపోయాయి. సోమవారం సమావేశపు కాగితంలో మాత్రం "ఫసాడ్: ఇంకా మొదలు కాలేదు" అని ఎర్ర రంగులో పడింది. స్లాబు అంచు గురించి ఏ రంగులోనూ ఏమీ లేదు.

మాస్టారు మొదటిసారి కనిపించింది ఆ రోజుల్లోనే. గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లతో మర్యాదగా వాదిస్తున్నారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. డల్లాస్‌లో ఉన్న కొడుకు ఇక్కడ 23వ అంతస్తులో ఫ్లాటు కొన్నాడు, చూసుకునే బాధ్యత తండ్రికి అప్పగించాడు. ప్రతి నెలా మొదటి శనివారం ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగి, అక్కడి నుంచి ఆటోలో వస్తారు. చేతిలో బడి పిల్లల నోటు పుస్తకం.

"బాబూ, అద్దాలు చూసేది నువ్వేనా?" అని అడిగారు.

"అవునండీ మాస్టారూ."

"ఒక్కటీ లేదే మరి!"

ఏం చెప్పను? హెల్మెట్ ఇచ్చి లోపలికి తీసుకెళ్లి ఏడో అంతస్తు అంచు చూపించాను. దారానికి గుండు కట్టి పై అంతస్తు నుంచి వేలాడదీసి, కింద ఎంత తేడా వస్తుందో చూపించాను. ఆయన కాసేపు ఆ దారాన్నే చూసి, పుస్తకంలో ఏదో రాసుకుని, "అంటే పైవాడు తప్పు చేసిన లెక్కను కిందివాడు దిద్దుతున్నాడు" అన్నారు. మా ప్రాజెక్టు మేనేజరుకు మూడు ఉత్తరాలు రాసినా అర్థం కాని విషయం అది.

ఇక మాకప్ పరీక్ష. అసలు భవనం మీద బిగించే ముందు రెండు అంతస్తుల ఎత్తు, మూడు నాలుగు ప్యానెళ్ల వెడల్పు ఉన్న నమూనా గోడను పరీక్షశాలలో నిజమైన వస్తువులతోనే కడతారు. దాని వెనక గది మూసేసి గాలి తీస్తారు, నింపుతారు. చదరపు మీటరుకు నిమిషానికి 3.4 లీటర్ల చొప్పున పదిహేను నిమిషాలు నీళ్లు కొడతారు. చివరికి విమానపు ప్రొపెల్లర్ తెచ్చి ఎదురుగా పెట్టి తుపానులా గాలీ నీళ్లూ కలిపి విసురుతారు. బుర్జ్ ఖలీఫా గోడను రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానపు ఇంజనుతో ఇలాగే పరీక్షించారు. చూడటానికి తమాషాగానే ఉంటుంది, ఆ గోడ మనది కానంతవరకు.

మాది కారింది. నాలుగు ప్యానెళ్ల మూలలు కలిసే చోట లోపలి వైపు ఒక చుక్క కనిపించింది. పరీక్షశాల మనిషి టార్చి వేసి చూపిస్తుండగానే రెండోది, మూడోది. పెద్ద ధార కాదు. కాని నియమం ప్రకారం చుక్క అయినా ధార అయినా ఒకటే. నాలుగు మూలలు కలిసే చోటు ఈ పనిలో అన్నిటికన్నా బలహీనమైనది. అడ్డం కీలు, నిలువు కీలు ఒకదాన్నొకటి దాటే ఆ కూడలిలో నీరు బయటకు పోయే దారి ఒకటి ఉండాలి, లోపలికి వచ్చే దారి ఉండకూడదు. మేము పెట్టిన గ్యాస్కెట్ ముక్క మూల దగ్గర రెండు మిల్లీమీటర్లు తక్కువైంది. దాన్ని మార్చి, కింద సిలికాన్ రేకు తొడిగి, మళ్లీ పరీక్షకు వరుసలో నిలబడి నెగ్గేసరికి ఏడు వారాలు. ఈ ఆలస్యం మాదే. దీనికి ఎవరి మీదా నెపం పెట్టను.

అయితే ఆ ఏడు వారాల్లో జరిగిన తెలివితక్కువ పని ఒకటుంది. 2022 మార్చిలో, ఉక్రెయిన్ యుద్ధం మొదలైన కొత్తలో, లండన్ మెటల్ ఎక్స్ఛేంజిలో అల్యూమినియం టన్ను 4,000 డాలర్లు దాటింది. ఇంకా పెరుగుతుందన్న భయంతో మాకప్ నెగ్గకుండానే మూడు అంతస్తులకు సరిపడా ప్యానెళ్లు తయారు చేయించారు. ధర తర్వాత దిగింది. ఆ 216 ప్యానెళ్ల మూలలు మాత్రం పాతవే. ఒక్కొక్కదాన్నీ విప్పి కొత్త ముక్క పెట్టి మళ్లీ మూయాల్సి వచ్చింది. గాజును చట్రానికి అతికించిన సిలికాన్ జిగురును మళ్లీ కదిలిస్తే అది కొత్తగా గట్టిపడేదాకా ఆగాలి. నమూనా ముక్కలు లాగి చూసి, అల్యూమినియం నుంచి ఊడకుండా సిలికాన్ తనంతట తాను చిరిగిందని రూఢి చేసుకోవాలి. అతుకు చిరగడం మంచిది, ఊడటం చెడ్డది. కొత్తగా చేరిన కుర్రాళ్లకు ఇది ఎన్నిసార్లు చెప్పినా తలకిందులుగానే అర్థమవుతుంది.

మొదటి ప్యానెల్ 2022 జూన్‌లో ఎక్కింది. కొబ్బరికాయ కొట్టాం. జూలైలో ముసురు పట్టింది. ఆ నెల తెలంగాణ అంతటా వానలే, భద్రాచలం దగ్గర గోదావరి 70 అడుగులు దాటింది. కోకాపేటలో గోదావరి లేకపోయినా, తడిసిన చట్రానికి సిలికాన్ అంటదు. వానలు వెలిశాక గాలి. సెకనుకు 10 మీటర్లు దాటితే ప్యానెల్ బయటకు తీయకూడదన్నది మా నియమం. కింద నిలబడితే చెమటలు పోస్తుంటాయి, ముప్పయ్యో అంతస్తులో గాలిమీటరు 12 చూపిస్తుంటుంది. గండిపేట చెరువు వైపు అడ్డం ఏమీ లేదు కదా, గాలి నేరుగా వచ్చి తగులుతుంది. అయిదు చదరపు మీటర్ల ప్యానెల్ తాడు చివర ఉంటే అది గాజు కాదు, తెరచాప. కాబట్టి పని తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెట్టి, గాలి లేచే పదకొండింటికి ఆపేసేవాళ్లం. మధ్యాహ్నం వచ్చి చూసిన పెద్దమనుషులకు మేము ఖాళీగా కూర్చున్నట్టు కనిపించేది.

బుర్జ్ ఖలీఫాలో మొదట్లో రోజుకు 20, 30 ప్యానెళ్లు ఎక్కేవట, చేయి తిరిగాక ఒక దశలో 175 దాకా పోయిందట. ఆ అంకె మా బిల్డరు గారి చెవిన ఎవరో వేశారు. అది 2007 మేలో మొదలై 2009 సెప్టెంబరు దాకా సాగిందన్న సంగతి మాత్రం వేయలేదు. మా సగటు ఆ నెలల్లో రోజుకు నాలుగు. టవర్ క్రేన్ పగలంతా కాంక్రీటు పనికి, మాకు రాత్రి పది తర్వాత. ప్యానెళ్ల పెట్టెలు రాత్రి పైకెక్కించి, తెల్లారి విప్పి తగిలించాలి. ఛఠ్ పండుగకు బిహార్ కుర్రాళ్లు ఊళ్లకు పోయారు. పదిహేను రోజులన్నవాళ్లు నలభై రోజులకు వచ్చారు, ముగ్గురు రానే లేదు. పండుగ పూట అమ్మ దగ్గరకు పోయినవాణ్ణి ఏమంటాం?

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది మార్కెటింగువాళ్ల కోరిక. డిసెంబరులో కొత్త అమ్మకాలు మొదలవుతాయట, రోడ్డు వైపు ముఖం ముందు పూర్తి చేయాలట, ఫొటోలకు. ప్యానెళ్లు ఎడమ నుంచి కుడికి ఒకదానిలో ఒకటి దూరుతూ చుట్టూ తిరిగి రావాలని ముందే చెప్పాను. మధ్యలో గొలుసు తెంపి రోడ్డు వైపుకు దూకితే తర్వాత వచ్చి కలిసే చోట ఇరుకులో ప్యానెల్ పక్క నుంచి దూరదు. ప్రత్యేకంగా రెండు ముక్కల చట్రంతో మూత ప్యానెల్ చేయించాలి, అంతస్తుకు రెండు చొప్పున. దానికి కొత్త అచ్చు, కొత్త నక్షా, కొత్త ఆమోదం. ఇదంతా సమావేశంలో బోర్డు మీద గీసి చూపించాను. అందరూ తలూపారు, తలూపి రోడ్డు వైపే ముందు చేయమన్నారు. ఫొటోలు బాగా వచ్చాయి. వెనక వైపు మూతలు మూయడానికి ఆరు వారాలు అదనంగా పట్టింది.

మాస్టారు మాత్రం రోడ్డు వైపు చూసి మోసపోలేదు. పడమర వైపు సందులో టీ కొట్టు ఒకటుంది. అక్కడి బల్ల మీద కూర్చుని అంతస్తుల వారీగా లెక్క పెట్టేవారు. 2023 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు "మీ బోర్డు మీద 1,904 అని రాశారు. నాకు పడమర వైపు ఒకటి తక్కువ వస్తోంది" అన్నారు. నిజమే. 31వ అంతస్తులో ఒక ప్యానెల్‌కు ఉండే రెండు గాజుల్లో బయటిది లేదు. మూడు రోజుల ముందు రాత్రి ఒంటిగంటకు ఎవరూ ముట్టుకోకుండానే అది పగిలింది.

దాని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. టఫెన్డ్ గాజును 620 డిగ్రీల పైన వేడి చేసి ఒక్కసారిగా చల్లని గాలి కొట్టి గట్టి చేస్తారు. పై పొర బిగుసుకుని లోపలి పొరను లాగిపట్టి ఉంచుతుంది. ఆ లాగులాటలోనే దాని బలం ఉంది. అందుకే ఆ తర్వాత దాన్ని కోయలేం, రంధ్రం పెట్టలేం. గాజు లోపల కంటికి కనిపించని నికెల్ సల్ఫైడ్ రవ్వ ఒకటి ఉండిపోతే అది నెలలో, ఏళ్లలో నెమ్మదిగా ఉబ్బి ఒకనాడు మొత్తం గాజును పగలగొడుతుంది. గాజు రాలిపోకుండా మిగిలితే పగిలిన చోటు మధ్యలో రెండు పెద్ద ముక్కలు సీతాకోకచిలుక రెక్కల్లా కనిపిస్తాయి. మా గాజు చాలావరకు రాలిపోయింది. పలుకులన్నీ రక్షణ వలలో పడ్డాయి, కొన్ని రోడ్డు దాకా వెళ్లాయి. లోపలి గాజు చెక్కుచెదరలేదు. రాత్రి కాబట్టి సరిపోయింది. పగలైతే ఆ టీ కొట్టు అక్కడే ఉంది.

రవ్వ ఉన్న గాజును ముందే పట్టుకునే ఉపాయం ఉంది. టఫెన్ చేసిన గాజును మళ్లీ కొలిమిలో పెట్టి 260 నుంచి 290 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచుతారు. పగిలేది అక్కడే పగిలిపోతుంది, దాదాపు అంతా. హీట్ సోక్ అంటారు. మొదటి ఒప్పందంలో అది ఉంది. ఖర్చు తగ్గించే సమావేశంలో ఒక గీతతో కొట్టేశారు. కొట్టేసిన కాగితం మీద మా సంస్థ సంతకం కూడా ఉంది, అది దాచను. గాజు పగిలాక పడమర వైపు తొమ్మిది రోజులు పని ఆపి, కింద కప్పు కట్టి, మిగిలిన గాజు అంతటికీ హీట్ సోక్ చేయించాలని నిర్ణయించారు. అయిదు వారాల సరఫరా ఎనిమిదికి సాగింది.

ఆ రోజుల్లో నేను బోస్టన్‌లోని జాన్ హాంకాక్ టవర్ కథను సమావేశంలో చెప్పాను. 60 అంతస్తులు. 1973 జనవరిలో గాలివానకు దాని అద్దాలు పదుల సంఖ్యలో పగిలి రాలాయి. ఖాళీల్లో ప్లైవుడ్ చెక్కలు కొట్టారు, జనం దాన్ని చెక్క మేడ అని వెక్కిరించారు. తప్పు నికెల్ రవ్వది కాదు. జంట గాజుల మధ్య అంచును సీసపు అతుకుతో మరీ బిగుసుగా కట్టారు. గాలికీ ఎండకూ కదలాల్సిన గాజు కదల్లేక అతుకు దగ్గర చిట్లింది. చివరికి 10,344 అద్దాలనూ మార్చి, 1976లో గానీ తలుపులు తెరవలేకపోయారు. నేను చెప్పదలచింది ఆగి సరిచేసుకోవడం గురించి. బిల్డరు గారి మనిషికి వినిపించింది మరొకటి: "అమెరికాలోనే అన్నేళ్లు పట్టిందంటే మనం నయమే!" ఆ ముక్కను కొనుగోలుదారులకు పంపిన ఉత్తరంలో కూడా పెట్టారు.

మార్చిన గాజు మరో బాధ. తక్కువ వేడిని లోపలికి రానిచ్చే పూత ఉన్న గాజు ఏ విడతకా విడత రంగు కొద్దిగా మారుతుంది. ఎదురుగా చూస్తే తెలియదు, ఏటవాలుగా సాయంత్రం ఎండలో చూస్తే ఒకటి నీలంగా, పక్కది ఆకుపచ్చగా కొడుతుంది. పై అంతస్తుల్లో రెయిలింగ్ వెల్డింగ్ చేసిన నిప్పురవ్వలు పడి కింది గాజులు పొక్కులు పొక్కులుగా తయారయ్యాయి. సిమెంటు నీళ్లు కారి ఎండిపోయిన మరకలు ఏ ద్రావకానికీ పోలేదు. అలా 64 గాజులు మార్చాం. వెల్డింగువాళ్లను అడిగితే తమ పని మే నెలలోనే సకాలంలో పూర్తయిందని చెప్పారు. అదీ నిజమే.

అగ్నిమాపక అనుమతి దగ్గర కూడా కొంత పోయింది. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం ఇలాంటి గాజు ముఖానికి ప్రతి అంతస్తులో పది మీటర్లకు మించని దూరంలో బయటకు తెరుచుకునే ప్యానెల్ ఉండాలి, స్లాబు అంచుకూ గాజుకూ మధ్య సందును మంట దాటకుండా మూయాలి. సందు మూశాం. తెరుచుకునేవి మాత్రం ఒక వైపు అందం చెడుతుందని ఆర్కిటెక్టు తీసేయించారు. తిరిగి పెట్టాల్సి వచ్చింది.

2023 ఆగస్టుకు భవనం చుట్టూ గాజు వచ్చేసింది, పడమర వైపు ఒక్క నిలువు చీలిక తప్ప. నవ్వితే ముందు పన్ను ఊడినట్టు కింద నుంచి పైదాకా నాలుగు ప్యానెళ్ల వెడల్పు ఖాళీ. అక్కడే హాయిస్టు ఉంది, పనివాళ్లనూ సామానునూ మోసే బయటి లిఫ్టు. దాన్ని ప్రతి కొన్ని అంతస్తులకూ భవనానికి కట్టి ఉంచుతారు. అది ఉన్నంతకాలం ఆ వరుస మూయడం కుదరదు. మాస్టారి ఫ్లాటు సరిగ్గా ఆ వరుసలోదే.

"హాయిస్టు ఎప్పుడు తీస్తారు?" అని ఆయన అడిగారు.

"లోపలి లిఫ్టులు నడవాలి మాస్టారూ."

"అవి ఎప్పుడు?"

"లిఫ్టు ఇన్‌స్పెక్టరు చూడాలి. చూడాలంటే శాశ్వత కరెంటు రావాలి. కరెంటు రావాలంటే కింద ట్రాన్స్‌ఫార్మర్ గది పూర్తవ్వాలి."

"అది ఎందుకు కాలేదు?"

"ఆ గదిలో మా ప్యానెళ్లు పెట్టారండీ."

ఆయన పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే అక్కడ పెట్టించింది నేనే. వేరే చోటు ఇవ్వలేదు మరి. రెండు రోజుల్లో ఖాళీ చేయించాను. కానీ అప్పటికే ఫ్లాట్ల లోపల పాలరాయి, వంటగది అలమరాలు వేసేవాళ్లంతా హాయిస్టు మీదే బతుకుతున్నారు. "ఇంకో వారం" అని ఒకరి తర్వాత ఒకరు అడుగుతూ దాన్ని అక్టోబరు దాకా లాగారు.

ఆ మధ్య ఆయన కొడుకు అమెరికా నుంచి ఫిర్యాదు చేద్దామన్నాడట. ఇళ్లు కొనేవాళ్ల రక్షణకు తెచ్చిన రెరా చట్టం 18వ సెక్షను మాస్టారికి కంఠస్థం. ఒప్పందంలో రాసిన తేదీ దాటితే, ఇల్లు వద్దనుకునేవాడికి డబ్బు వడ్డీతో తిరిగివ్వాలి. కావాలనుకునేవాడికి ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ ఇవ్వాలి. తెలంగాణ నియమాల్లో ఆ వడ్డీ స్టేట్ బ్యాంకు ఎంసీఎల్ఆర్ మీద, అంటే అప్పులకు ఆ బ్యాంకు పెట్టుకునే కనీస వడ్డీ రేటు మీద, 2 శాతం ఎక్కువ. అమ్మేటప్పుడు నోటితో చెప్పిన తేదీ వేరు, కాగితం మీద రాసిన తేదీ వేరు. కాగితం తేదీకి ఇంకా నాలుగు నెలలు ఉంది. "వాళ్లకు లెక్కలు బాగానే వచ్చు బాబూ" అన్నారు మాస్టారు, బాగా చదివే అల్లరి పిల్లవాడి గురించి చెప్పినట్టు.

హాయిస్టు దిగాక ఆ నాలుగు వరుసలు మూయడం అన్నిటికన్నా కష్టమైంది. టవర్ క్రేన్ అప్పటికే వెళ్లిపోయింది. పై అంతస్తులో చిన్న స్పైడర్ క్రేను పెట్టి, ప్యానెల్‌ను నేల మీద నుంచి భవనాన్ని రాసుకోకుండా ఎత్తాలి. రెండు వైపులా గాజు ఉంది, తగిలితే రెండూ పోతాయి. హాయిస్టు కట్టిన చోట్ల స్లాబు అంచుల్లో గుంతలు పడి ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్న శ్రీకాకుళం మేస్త్రీ ఒకాయన కింద తాడు పట్టుకుని నిలబడి, "బాబుగారూ, మీరు పైన మాట్లాడకండి, నాకు గాలి వినబడాలి" అనేవారు. ఆయన చెయ్యి ఎత్తితేనే క్రేను కదిలేది. రోజుకు మూడు, ఒక్కోరోజు రెండు. మా లెక్కలో చివరి ప్యానెల్ 2023 డిసెంబరులో, ఒక బుధవారం పొద్దున ఎనిమిదిన్నరకు కూర్చుంది. ఎవరూ ఫొటో తీయలేదు. మార్కెటింగువాళ్ల దగ్గర ఏడాది క్రితం నాటివే ఉన్నాయి.

ఆ నెల మొదటి శనివారం దాటిపోయింది కాబట్టి మాస్టారికి నేనే ఫోను చేశాను. మర్నాడు మధ్యాహ్నం వచ్చారు. ఈసారి లోపలి లిఫ్టులో ఎక్కాం. 23వ అంతస్తులో తలుపు ఇంకా రంగు వేయకుండా ఉంది. హాలులోకి వెళ్లి గాజు ముందు నిలబడి చాలాసేపు కిందకు చూశారు. టీ కొట్టు అగ్గిపెట్టె అంత కనిపిస్తోంది. మూడు దాటింది, డిసెంబరు ఎండ అయినా పడమటి ఎండ, గది సగం దాకా పరుచుకుంది. ఆయన అరచెయ్యి గాజుకు ఆనించి చూసి, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"బాగుంది బాబూ" అన్నారు. తర్వాత కొంచెం మొహమాటంగా, "కానీ దీనికి తెరలు వేయించాలి కదా?"

"వేయించాలండీ. అందరూ వేయిస్తారు."

"అయితే కొలత తీసుకుందాం. పైనుంచి కిందకు ఎంతో చెప్పగలవా?"

నోటితోనే చెప్పగలను, కానీ ఆయన పుస్తకం తెరిచారు. జేబులోంచి టేపు తీసి ఒక కొస ఆయన చేతికిచ్చాను. నేను కుర్చీ ఎక్కాను.